రూనా చేసిన కోడి

మట్టిముద్ద చేతికివ్వగానే ఏదో ఒకటి చెయ్యమని గెర్డా ఏనాడూ చెప్పలేదు. ముందు ఊరికే పట్టుకుని కూర్చోమనేది.

"చల్లగా ఉంది కదూ? మీ చేతి వేడి దానికెక్కాలి. అప్పటిదాకా అది మీ మాట వినదు."

నాలుగేళ్లవాళ్లూ అయిదేళ్లవాళ్లూ బల్ల చుట్టూ చేరి, ముద్దల్ని అరచేతుల మధ్య దాచుకుని బుద్ధిగా కూర్చునేవాళ్లు. ఆ బుద్ధి ఎంతసేపు ఉంటుంది. కాసేపటికే ఎవరో ఒకరు ఓపిక నశించి, "గెర్డా, నాది వింటోంది," అనేవాళ్లు. అలా పని మొదలయ్యేది.

ఆ పిల్లల బడి హాస్లే అనే ఊరి రేవు పక్కనే ఉంది. బోర్న్‌హోమ్ దీవిలో మట్టికి కొదవ లేదు, కుమ్మరులకూ కొదవ లేదు. వీధికొకరు కుండలు కాల్చే ఆవం పెట్టుకుని, వేసవిలో ఓడ దిగే జనానికి కప్పులూ గిన్నెలూ అమ్ముకుంటారు. అలాంటి ఊళ్లో ఆవం ఊసే లేకుండా మట్టిపని నేర్పేది గెర్డా ఒక్కతే. కాల్చని బొమ్మకు విలువేమిటని కుమ్మరులు మూతి విరిచేవాళ్లు. ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది.

ఆమె పద్ధతి ఆమెది. బొమ్మలు ఎండాక కిటికీ కింద వరసగా పెట్టించేది. చేపల పెట్టెలు బోర్లించి, మీద తెల్లగుడ్డ పరిస్తే అదే ప్రదర్శన బల్ల. అది సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లు చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. ప్రదర్శన రోజున అమ్మానాన్నలు కాఫీ కప్పులు నేలమీద పెట్టి, నడుములు పట్టుకుని మూలుగుతూ వంగుతుంటే పిల్లలకు పండగలా ఉండేది.

"ఈ వయసులో నా చేత మోకాళ్లేయిస్తున్నావు గదా గెర్డా," అని ఏ తాతయినా గొణిగితే, "చర్చిలో వేస్తున్నావుగా. ఇక్కడ వేస్తే అరిగిపోతాయా," అనేది.

వారం గడిచాక పిల్లలు తమ బొమ్మల్ని తామే తీసుకెళ్లి మూలనున్న పెద్ద తొట్టిలో, నీళ్లలో విడిచిపెట్టాలి. ఎండిన మట్టి నీళ్లలో పడగానే బుసబుసమని బుడగలొస్తాయి. కాసేపటికి పిల్లి చెవులు పోతాయి, పడవ అంచులు జారిపోతాయి, చూస్తుండగానే అంతా ఒకటే బురద. మొదటిసారి చాలామంది ఏడ్చేవాళ్లు. రెండోసారికి బుడగలు ఎవరివి ఎక్కువొస్తాయా అని పందేలు వేసుకునేవాళ్లు. ఆ బురదనే మళ్లీ ఆరబెట్టి, పిసికి, కొత్త ముద్దలు చేసేది గెర్డా. ఎన్నేళ్లుగానో అదే మట్టి. కాస్త తగ్గితే సముద్రం గట్టు కింద తవ్వి కలిపేది, అంతే.

ఈ వ్యవహారంలో ఆమె రెండు విషయాల్లో మాత్రం రాజీపడేది కాదు. ఒకటి, మట్టిలో రాయి కలపకూడదు. "మట్టి ఎండితే ముడుచుకుంటుంది. రాయి ముడుచుకోదు. అందుకే బొమ్మ పగిలిపోద్ది," అని కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేది. ముంగిలంతా సముద్రపు గులకరాళ్లే పరిచి ఉండడంతో పిల్లల జేబులు ఎప్పుడూ రాళ్లతో బరువుగానే ఉండేవి. రెండోది, ఎవరి బొమ్మ వాళ్లే తొట్టిలో వెయ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. పిల్ల జ్వరంతో రాకపోతే, వచ్చేదాకా ఆ బొమ్మ బల్లమీదే ఉంటుంది.

ఈ రెండో నియమాన్ని గెర్డా ఒకే ఒక్కసారి తప్పింది.

ఆ ఏడు మార్చిలో పిల్లలంతా కోళ్లు చేశారు. ఉండ చేసి, ఒకవైపు బొటనవేళ్లతో నొక్కి తోక లాగి, ఇంకోవైపు చిటికెతో ముక్కు తియ్యడం. చెప్పుకోవడానికి తేలికే. చేస్తే సగం బాతులయ్యాయి, రెండు పందులయ్యాయి. రూనా చేసింది మాత్రం కోడే. కాళ్లు లేవు, రెక్కలు పక్కలకు అతుక్కుని ఉన్నాయి.

"కాళ్లేవి పిల్లా?" అంది గెర్డా.

"కింద మడిచి పెట్టుకుంది. అది లేవదు."

"ఎందుకు లేవదో?"

"పనిలో ఉంది," అంది రూనా. పక్కనున్న బెర్తా మొహం చూసి ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు.

రూనాకు అయిదేళ్లు. వాళ్లమ్మ సిసెల్ కూడా ఆ వయసులో ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఇదే తొట్టిలో చేతులు ముంచిన పిల్లే. ఇప్పుడు చేపలకు పొగపెట్టి నిలవచేసే పొగగూట్లో పని చేస్తుంది. సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఒళ్లంతా పొగవాసన. ప్రదర్శన రోజున అందరికన్నా ముందు మోకాళ్లేసింది సిసెలే. "నా పిల్లకి నా చెయ్యి రాలేదు. బతికిపోయింది," అంది కోడిని చూసి.

"నువ్వు చేసిన సీల్ చేపని అందరూ బంగాళాదుంప అనుకున్నారు. గుర్తుందా?" అంది గెర్డా.

"గుర్తులేకేం. ఆ దుంపని తొట్టిలో వెయ్యమన్నావని నీతో రెండ్రోజులు మాట్లాడలేదు."

అందరూ నవ్వారు. ఆ వారం చివర్లోనే రూనాకు జ్వరం వచ్చింది.

మిగిలిన పిల్లలు తమ కోళ్లనూ బాతులనూ పందులనూ తొట్టిలో విడిచిపెట్టారు. తెల్లగుడ్డ మీద రూనా కోడి ఒక్కటే మిగిలింది. మామూలు జ్వరమేలే, సోమవారానికి వస్తుందిలే అనుకున్నారు. సోమవారం రాలేదు. జ్వరం తలకెక్కిందనీ, రాత్రికి రాత్రి హెలికాప్టర్‌లో కోపెన్‌హాగన్ ఆసుపత్రికి తీసుకెళ్లారనీ తెలిసింది. సిసెల్ కూడా వెళ్లింది. తెలివొచ్చినప్పుడు మాట్లాడుతోందనీ, తర్వాత మాట్లాడడం లేదనీ, రోజుకో కబురు వచ్చేది.

అన్ని రోజులూ ఆ కోడి అక్కడే కూర్చుని ఉంది. పొద్దున్నే తలుపు తీయగానే ముందు అదే కనపడేది. ఇంత పొడుగు తెల్లగుడ్డ మీద అదొక్కటే. ఆ తెల్లగుడ్డ, ఆ ఒంటరి బొమ్మ, కిటికీలోంచి పడే ఆ వెలుగు. ఏ చర్చిలోనో ఎవరి జ్ఞాపకార్థమో పెట్టినట్టుంది గాని, పిల్లల బడిలో ఉండాల్సిన తీరులో లేదు. చూసి చూసి ఒక శుక్రవారం సాయంత్రం, ఒకరిద్దరు పిల్లలు ఇంకా ఇళ్లకు వెళ్లకుండానే, ఆమె వల్ల కాలేదు. కోడిని చేతిలోకి తీసుకుంది. కడుపు కింద సన్నగా పగులు ఉంది. "సరిగ్గా పిసకలేదు పిల్ల," అనుకుంది. వచ్చాక ఇంకోటి చేయిద్దాం, కాళ్లతో సహా చేయిద్దాం, అని తనకు తానే గట్టిగా చెప్పుకుంది. తొట్టిలో విడిచిపెట్టింది. గుడ్డ దులిపి మడిచింది. అలా చేస్తే కీడు తొలగిపోతుందని ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేదే. కాని ఆమె చేసింది మాత్రం అదే.

ఆదివారం రూనా పోయింది.

సోమవారం పొద్దున బడి ముందు జెండాను సగానికి దించారు. సహాయంగా ఉండే టిల్డె పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి విషయం చెప్పడానికి ప్రయత్నించి, సగంలోనే ఏడ్చేసింది. మిగిలింది గెర్డా చెప్పింది. పిల్లలు విన్నారు. ఒకడు రూనా కొక్కేనికి ఉన్న వానకోటు ఎవరికిస్తారని అడిగాడు. బెర్తా లేచి వెళ్లి తొట్టిలోకి తొంగి చూసింది.

ఆ మర్నాడు సిసెల్ వచ్చింది, ఆ వానకోటు కోసమే. కోటు చేతిమీద వేసుకుని గుమ్మంలోనే నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. ఈసారి ఒంటిమీద పొగవాసన లేదు.

"కోడి కూడా ఇచ్చెయ్యి గెర్డా," అంది.

గెర్డా కదిలి ఖాళీ బల్లకు అడ్డంగా నిలబడింది.

"ఆసుపత్రిలో తెలివొచ్చినప్పుడల్లా దాని గురించే. నా కోడి బల్లమీదే ఉంటుంది, నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు, గెర్డా ముట్టుకోనివ్వదు, అని. నాకే ధైర్యం చెప్పింది." సిసెల్ కోటు చేతుల్ని ఒకదాని మీద ఒకటి మడతపెడుతూ ఉంది. "దాని వేళ్ల అచ్చులున్నాయి కదా దానిమీద. తోక దగ్గర. ఇంకెక్కడా లేవు నాకు. శవపేటిక మీద పెడతాను."

ఆ క్షణంలో చెప్పేస్తే ఏమయ్యేది. సిసెల్ ఏడ్చేది, తిట్టేది, బహుశా చెయ్యెత్తేది. అంతేకదా. గెర్డా అలా ఎన్నోసార్లు అనుకుంది తర్వాత. కాని అప్పుడు ఆ మొహం చూస్తూ ఆమె నోట వచ్చిన మాట వేరు.

"పూర్తిగా ఎండలేదు సిసెల్. ఇప్పుడు కదిపితే విరిగిపోద్ది. గురువారం నేనే తెచ్చిస్తాను."

సిసెల్ తల ఊపింది. ఇదే బల్ల దగ్గర పెరిగిన మనిషికి, అన్ని రోజులైనా ఎండని మట్టి ఉంటుందా అన్న అనుమానం రాలేదు. రావడానికి తల పనిచెయ్యాలి కదా.

ఆమె వెళ్లిపోగానే గెర్డా తొట్టి దగ్గరికి వెళ్లింది. అడుగున చేరిన మట్టిని ఆ ముందురోజే తీసి పలకమీద ఆరబెట్టి ఉంచింది. అందులోంచి ముద్ద తీసి పిసకడం మొదలుపెట్టింది. పిసుకుతూ ఉంటే వేళ్లకు గులకరాయి తగిలింది. తెల్లది, వేలిగోరంత. "ఎన్నిసార్లు చెప్పాలో వీళ్లకి," అని విసుక్కుని కిటికీలోంచి ముంగిట్లోకి విసిరేసింది. తర్వాత కూర్చుని తనే కోడిని చేసింది. బాగానే వచ్చింది. మరీ బాగా వచ్చింది. తోకమీద పడ్డ అచ్చులు అరవయ్యేళ్ల మనిషివి. చిటికెనవేలితో నొక్కి చూసింది, అదీ పెద్దదే. నలిపేసింది.

అప్పుడు బెర్తాను పిలిచింది.

"బంగారం, రూనా కోడి గుర్తుందా నీకు? అచ్చం అలాంటిది చేస్తావా?"

"రూనాకా?"

"ఊఁ. రూనాకే."

బెర్తా ముద్దను అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. తర్వాత చేసింది. కాళ్లు లేవు, రెక్కలు పక్కలకు అతుక్కుని ఉన్నాయి, తోకమీద రెండు చిన్న బొటనవేళ్ల గుంటలు. ఇది ఎవరికీ చెప్పొద్దు అని పిల్లతో అనడానికి గెర్డాకు నోరు రాలేదు. ఆ మాత్రం సిగ్గు ఆమెలో ఇంకా మిగిలే ఉంది. కోడిని గది వెచ్చబెట్టే వేడిగొట్టం పక్కన పెట్టి ఎండబెట్టింది. గురువారం రుమాల్లో చుట్టి తీసుకెళ్లి సిసెల్ చేతిలో పెట్టింది. సిసెల్ తోకమీది గుంటల్లో తన వేలికొసలు ఆనించి కళ్లు మూసుకుంది. గెర్డా అక్కడ ఇంకో నిమిషం నిలబడలేకపోయింది.

శనివారం చర్చి నిండిపోయింది. బడి పిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు. తెల్ల శవపేటిక మీద పిల్లలు ముందే రంగులతో పడవలూ పూలూ వేశారు. పాస్టర్ మాటలయ్యాక సిసెల్ లేచి, కోడిని తీసుకెళ్లి మూతమీద, పూల మధ్య పెట్టింది. ఆ నిశ్శబ్దంలో బెర్తా గొంతు వినపడింది. గట్టిగా అరవలేదు. పక్కనున్న తల్లికి సంబరంగా చెబుతోంది.

"అది నేనే చేశాను. రూనా కోసం."

తల్లి ఉష్ అంది. బెర్తా ఆగలేదు.

"నిజమే అమ్మా. రూనాది గెర్డా తొట్టిలో వేసేసింది. నేను చూశాను. అందుకే నన్ను చెయ్యమంది."

సిసెల్ పేటిక దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిరిగి గెర్డా కోసం వెతికింది. చూపులు కలిశాయి. గెర్డాకు తల కొట్టేసినట్టయింది. నిజమా అని ఆ చూపు అడిగింది, గెర్డా తల దించుకోవడమే జవాబయింది. సిసెల్ చెయ్యి కోడి మీదికి వెళ్లింది. తీసేస్తుందనుకున్నారు. తియ్యలేదు. కాస్త పక్కకు జరిగిన దాన్ని సరిగ్గా మధ్యలోకి జరిపింది. దాంతోపాటే పిల్లను పూడ్చారు. తర్వాత వచ్చినవాళ్లకిచ్చే కాఫీల దగ్గర గెర్డా చెయ్యి చాచితే సిసెల్ చూడనట్టు వెళ్లిపోయింది. పూడ్చడం అయింది కాబట్టి, సగానికి దించిన జెండాను ఊరి ఆచారం ప్రకారం పైకెత్తారు. గాలి బాగా ఉంది. ఆ జెండా ఎగరడం చూసి గెర్డాకు ఒళ్లు మండింది.

బడి మానేస్తానని ఆమె టిల్డెతో అంది.

"మానేసి ఏం చేస్తావు?" అంది టిల్డె.

"ఏం చేస్తాను. కూర్చుంటాను."

"ఆ కూర్చునేదేదో ఇక్కడ కూర్చో," అంది టిల్డె. అంతకన్నా ఓదార్చడం ఆ పిల్లకు చేతకాలేదు.

కొన్నాళ్లకు, పిల్లలు ముంగిట్లో ఆడుకుంటున్న వేళ సిసెల్ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా నేరుగా లోపలికి వచ్చి తొట్టి ముందు మోకాళ్లమీద కూర్చుంది. స్వెటర్ చేతులు పైకి మడుచుకుంటోంది.

"సిసెల్," అంది గెర్డా. "నేను..."

"నువ్వేం చెప్పకు. ఎందుకేశావో నాకక్కర్లేదు." గొంతులో కోపం కూడా లేదు, దానికి ఓపిక ఉండాలి. "నేను వచ్చింది గుడ్డు కోసం."

"ఏ గుడ్డు?"

"దాని కింద ఉంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని చెప్పింది నాకు. నువ్వు రాయి పెట్టనివ్వవుగా, అందుకని కడుపులో పెట్టి పైన మట్టి పూసేసిందంట. తెల్లటిదంట. అందుకే అది లేవదంట, పొదుగుతోందంట." సిసెల్ మోచేతి దాకా బురదలో చెయ్యి ముంచింది. "కోడి కరిగిపోద్ది. నాకు తెలుసు, నా సీల్ చేప కూడా కరిగిపోయింది. రాయి కరగదు కదా గెర్డా. రాయి ఇందులోనే ఉంటుంది."

చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో ఆశ లాంటిది కనిపించింది. గెర్డా దాన్ని చూసింది. కిటికీ వైపు చూసింది. కడుపు కింద పగులు, వేళ్లకు తగిలిన తెల్లరాయి, తన విసుగు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఊరుకుంటే సరిపోతుంది. వెతికి వెతికి, దొరకలేదని లేచి వెళ్తుంది. లేదా రేపు ఏ తెల్లరాయో తెచ్చి, అడుగున దొరికిందని ఇవ్వచ్చు. రాయిమీద వేలిముద్రలుండవు. ఎవరూ కనిపెట్టలేరు.

"అందులో లేదు సిసెల్," అంది.

సిసెల్ చెయ్యి బురదలోనే ఆగింది.

"మట్టి పిసుకుతుంటే నా చేతికి తగిలింది. ఎవరో ఆడుతూ కలిపారనుకున్నాను." గెర్డా కిటికీ వైపు చెయ్యి చూపించింది. "ఆ కిటికీలోంచి బయటికి విసిరేశాను."

సిసెల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. మోచేతుల నుంచి బురద కారి నేలమీద పడుతోంది. ముంగిలంతా రాళ్లు. గోడ నుంచి కంచె దాకా సముద్రం ఒడ్డునుంచి తెచ్చి పోసిన గులకరాళ్లు. బూడిదరంగువి, ఎర్రవి, లెక్కలేనన్ని తెల్లవి. సిసెల్ వాటిని చూస్తూ నిలబడింది. ఆమె తిట్టలేదు. నోట్లోంచి ఒక చిన్న శబ్దం మాత్రం వచ్చింది, దెబ్బ తగిలినప్పుడు పసిపిల్లలకు ఏడుపు రాబోయే ముందు వచ్చేలాంటిది.

బయటికి వెళ్లి కిటికీ కింద మోకాళ్లేసింది. గెర్డా కూడా వెళ్లి కాస్త దూరంగా మోకాళ్లేసింది. దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు. ఇద్దరూ రాళ్లు కెలకడం మొదలుపెట్టారు.

పెద్దవాళ్లు మోకాళ్లమీద ఉన్నారంటే పిల్లలకు అదొక ప్రదర్శన. ఒక్కొక్కరే ఆట వదిలి చుట్టూ చేరారు. ముందు బెర్తా వచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?"

గెర్డా సిసెల్ వైపు చూసింది. సిసెల్ తల ఎత్తకుండానే చెప్పింది. "రూనా రాయి. తెల్లది. చిన్నది."

"గుడ్డా?" అంది బెర్తా.

సిసెల్ తల ఎత్తింది. "నీకు తెలుసా?"

"నేనే ఏరిచ్చాను," అంది బెర్తా. "కాని ఎలా ఉందో మర్చిపోయాను."

వంగి ఒక తెల్లరాయి తీసి సిసెల్ అరచేతిలో పెట్టింది. "ఇదేనేమో?"

సిసెల్ దాన్ని తిప్పి చూసింది. అవునని చెప్పలేకపోయింది. కాదని చెప్పడానికీ లేదు. ఒళ్లో పెట్టుకుంది. అది చూసి మిగిలిన పిల్లలూ వంగారు. ముంగిలంతా తిరిగి తెల్లరాళ్లు ఏరుతూ, ఒక్కొక్కరే తెచ్చి, ఇదేనా, ఇదేనా అని అడుగుతున్నారు. సిసెల్ ప్రతి రాయినీ చేతిలోకి తీసుకుని, వేళ్లతో మట్టి తుడిచి చూసి, ఒళ్లో వేసుకుంటోంది. దేన్నీ పారెయ్యలేదు. మధ్యాహ్నం భోజనానికి టిల్డె గంట కొట్టింది. పిల్లలు రొట్టెల కోసం లోపలికి పరుగెత్తారు. సిసెల్ లేవబోయింది. ఒళ్లో బరువుకు లేవలేక మళ్లీ కూర్చుండిపోయింది.